అలుగు దాటే కరెంటు

నిన్న సాయంత్రం మా మనవరాలు తొమ్మిది ఓల్టుల బ్యాటరీ, ఎర్ర ఎల్‌ఈడీ చేత పట్టుకుని వరండాలోకి వచ్చింది. "తాతయ్యా, తగిలించానో లేదో భగ్గున వెలిగి ఆరిపోయింది. బ్యాటరీ మంచిదే, లైటూ కొత్తదే. మరి ఎందుకు పోయింది?" అంది.

"ఇలా కూచో అమ్మా," అన్నాను. పిల్లలూ, మీరూ దగ్గరికి రండి. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలిస్తే, మన విశాఖ ఉక్కునగరం రోడ్ల మీద వెలిగే దీపాల గుట్టు కూడా తెలిసినట్టే.

చెరువుకు అలుగు ఉంటుంది చూశారా? నీటిమట్టం అలుగుకు జానెడు కిందుంటే చుక్క కూడా బయటికి రాదు. అంచు దాటాక బెత్తెడు పెరిగినా చాలు, పొర్లి పారుతుంది. ఎల్‌ఈడీ తీరూ అదే. ఎర్రదానికి అలుగు ఎత్తు సుమారు 2 ఓల్టులు, తెల్లదానికి సుమారు 3. అంతకు తగ్గితే వెలగదు. కాస్త పెరిగితే కరెంటు వరదలా వస్తుంది. పైగా ఎల్‌ఈడీ వేడెక్కేకొద్దీ ఆ అలుగు ఇంకాస్త కిందికి దిగుతుంది. దాంతో కరెంటు పెరుగుతుంది, వేడీ పెరుగుతుంది. చివరికి మాడిపోతుంది. పాత ఫిలమెంట్ బల్బు అలా కాదు. వేడెక్కితే దాని నిరోధం పెరిగి కరెంటును తనే అదుపులో పెట్టుకుంటుంది. ఎల్‌ఈడీకి ఆ గుణం లేదు కనుక అడ్డుకట్ట మనమే వేయాలి.

ఆ అడ్డుకట్ట పేరే రెసిస్టర్. మనవరాలి చేత లెక్క చేయించాను. 9 ఓల్టుల్లో ఎల్‌ఈడీ వాటా 2 పోగా మిగిలింది 7. మనకు కావలసిన కరెంటు 20 మిల్లీఆంపియర్లు, అంటే 0.02 ఆంపియర్. 7ని 0.02తో భాగిస్తే 350 ఓములు. అంగట్లో 390 ఓముల రెసిస్టర్ సులువుగా దొరుకుతుంది. అది వేస్తే 18 మిల్లీఆంపియర్లు పారతాయి. కొత్త ఎల్‌ఈడీ నిదానంగా, నిండుగా వెలిగింది. పిల్ల ముఖమూ వెలిగింది!

ఇక ఒక పాత సంగతి చెప్పాలి. 2014 అక్టోబరు 7న ఆ ఏటి ఫిజిక్స్ నోబెల్ ప్రకటించారు. నీలి ఎల్‌ఈడీని సాధించిన అకాసాకి, అమానో, నకమురా ముగ్గురికీ ఇచ్చారు. ఎర్ర ఎల్‌ఈడీ 1962లోనే వచ్చినా, నీలిది లేక తెల్లని వెలుగు కోసం ముప్ఫై ఏళ్లు ఆగాల్సి వచ్చింది. నీలి ఎల్‌ఈడీ మీద పసుపురంగు ఫాస్ఫర్ పూత పూస్తే మనకు తెలుపు కనిపిస్తుంది. ఆ ప్రకటన వచ్చిన అయిదో రోజున, అక్టోబరు 12న, హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద విరుచుకుపడింది. గంటకు 170 కిలోమీటర్లు దాటిన గాలికి చెట్లూ కరెంటు స్తంభాలూ కూలాయి. ఊరంతా చీకటి.

ఆ రాత్రుల్లో నేను స్కూటరు బ్యాటరీకి మూడు తెల్ల ఎల్‌ఈడీలను వరసగా కలిపి దీపం చేశాను. బ్యాటరీ 12 ఓల్టుల్లో ఎల్‌ఈడీల వాటా 9 పోతే మిగిలింది 3. 150 ఓముల రెసిస్టర్‌తో 20 మిల్లీఆంపియర్లు. చక్కగా పనిచేసింది. కరెంటు వచ్చాక దీపం తీయకుండానే ఆ బ్యాటరీని చార్జింగ్‌కు పెట్టాను. అది నా తప్పు. చార్జింగ్‌లో బ్యాటరీ 14 ఓల్టులకు ఎక్కుతుంది. అప్పుడు మిగిలేది 3 కాదు, 5. కరెంటు 33 మిల్లీఆంపియర్లు! ఓల్టేజీ ఆరో వంతే పెరిగింది, కరెంటు మాత్రం ఒకటిన్నర రెట్లు దాటింది. వాసన వచ్చేదాకా నేను చూసుకోలేదు.

అందుకే పెద్ద దీపాలకు రెసిస్టర్ చాలదు. డ్రైవర్ అనే సర్క్యూట్ ఉంటుంది. ఓల్టేజీ ఎగిరినా పడినా కరెంటును ఒకే గీత మీద నిలిపి ఉంచడం దాని పని. హుద్‌హుద్ తర్వాత విశాఖ నగరంలో నగరపాలక సంస్థ జీవీఎంసీ, ఇంధన పొదుపు సంస్థ ఈఈఎస్‌ఎల్ కలిసి 90 వేలకు పైగా పాత వీధి దీపాలను ఎల్‌ఈడీలకు మార్చాయి. అలాంటి ప్రతి దీపానికీ ఒక డ్రైవర్ కావాలి. ఉప్పుగాలి చొరబడకుండా దానికి గట్టి పెట్టె కావాలి. పిడుగుపాటుకు తీగల్లో ఎగిసే ఓల్టేజీని తట్టుకునే రక్షణ కావాలి.

వెలుగు తగ్గించాలంటే? దీపావళికి కాకరపువ్వొత్తిని గిరగిరా తిప్పితే వెలుగు చక్రం కనబడుతుంది కదా! కంటి చేత అదే పొరపాటు చేయిస్తాం. ఎల్‌ఈడీని సెకనుకు వందల సార్లు ఆర్పి వెలిగిస్తాం. వెలిగిన సమయం సగమైతే వెలుగూ సగం. ఆ స్విచ్ పని ట్రాన్సిస్టర్ చేస్తుంది.

చివరిగా అసలు మాట. మన ఇంటి 230 ఓల్టుల కరెంటు క్షణక్షణానికీ 325 ఓల్టుల శిఖరం దాకా వెళ్లివస్తుంది. చవక ఎల్‌ఈడీ బల్బుల్లో చాలావాటికి ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. లోపలి ప్రతి తీగా నేరుగా మెయిన్‌కు తగిలి ఉన్నట్టే. స్విచ్ ఆపాక కూడా కెపాసిటర్‌లో చార్జి నిలిచి ఉండి షాక్ కొడుతుంది. పోయిన బల్బును విప్పి చూడాలనే సరదా పిల్లలకు వద్దు.

మీ ప్రయోగాలన్నీ బ్యాటరీతోనే చేయండి. పెద్ద బ్యాటరీ అయితే తీగ మొదట్లోనే ఫ్యూజు పెట్టండి, లేకపోతే షార్ట్ అయిన తీగ ఎర్రగా కాలుతుంది. ముందు కాగితం మీద తీసివేత, భాగహారం చేయండి. లెక్క సరిపోయాకే తీగ కలపండి.