అదే చెట్టు, అదే చోటు, అదే వేళ

1868 మే 30న అమెరికాలోని లోవెల్ పట్టణపు శ్మశానవాటికలో ఒక ఫొటో తీశారు. యుద్ధంలో పోయిన సైనికులను తలుచుకునే రోజది. వెనకాల చెట్లకు ఇంకా ఆకు రాలేదు. 2005లో సరిగ్గా అదే తేదీన, అదే చోట మళ్లీ ఫొటో తీస్తే చెట్లు నిండుగా ఆకుతో ఉన్నాయి. బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇలాంటి పాత ఫొటోలెన్నిటినో పోగేసి, వసంతం ముందుకు జరుగుతోందనడానికి ఆధారంగా 2006లో ప్రచురించారు. ఒక్క జత ఫొటోలతో ఏదీ తేలదు, ఆ ఏడు చలి ఎక్కువై ఉండొచ్చు. వరస పెరిగేకొద్దీ బలం వస్తుంది.

అక్కడి చెట్టు వెచ్చదనం కోసం చూస్తుంది. మన మెట్ట ప్రాంతాల చెట్టుకు అసలు చిక్కు నీటితో. నేల ఎండేకొద్దీ ఆకులు రాల్చి నీటి ఖర్చు ఆపేస్తుంది. మోదుగ ఆకులేని కొమ్మల మీదే ఫాల్గుణంలో పూస్తుంది. వింతేమిటంటే, వాన చుక్క పడకముందే, ఎండలు ముదురుతున్నప్పుడే రావి చిగురిస్తుంది. ఆకు రాలాక, లోతు వేళ్లు తెచ్చే నీటితో కాండం మళ్లీ నిండుతుంది. పగటి పొద్దు పెరగడమే ఇలాంటి చాలా చెట్లకు చిగురించే సంకేతమని శాస్త్రవేత్తలు గుర్తించారు. తొలకరి నాటికి ఆకు ముదిరి పనికి సిద్ధంగా ఉంటుంది. లేత చిగురు రాగిరంగులో మెరవడానికి కారణం ఆంథోసయనిన్ అనే వర్ణకం. పత్రహరితం తర్వాత నిండుతుంది.

ఈ రంగు మార్పును కెమెరా అంకెల్లో పట్టగలదు. ఫొటోలోని ప్రతి చుక్కకూ ఎరుపు, పచ్చ, నీలం విలువలుంటాయి. మూడింటి మొత్తంలో పచ్చ వాటా ఎంతో లెక్కిస్తే ఆకు ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు వాడిందో గీతగా గీయొచ్చు. ఫీనోక్యామ్ అనే పరిశోధక కెమెరాల నెట్‌వర్క్ చేసేదీ ఇదే.

మీ ఫోన్‌తోనూ ఒక చెట్టును ఇలా వరసగా ఫొటో తీయొచ్చు. అందుకు ఫోన్ తెలివితేటలు కాస్త తగ్గించాలి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే అది రంగులను తనకు తోచినట్టు సర్దేస్తుంది, చిగురు ఎరుపు కొంత అందులోనే పోతుంది. డేలైట్ మీద స్థిరంగా పెట్టండి. పొద్దుగూకే వేళ బంగారు వెలుగు ఫొటోగ్రాఫర్లకు ప్రాణం, కానీ ఆ వెలుగులో ముదురాకూ చిగురులాగే కనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నపు బొమ్మ చప్పగా ఉంటుంది నిజమే. చెట్టు లెక్కకు మాత్రం అదే నయం. జూమ్ మార్చకండి. చెరువుగట్టో, కరెంటు స్తంభమో ప్రతిసారీ ఒకే మూలన పడేలా నిలబడండి.

తేదీ సంగతి మరీ ముఖ్యం. ‘ఉగాదికి వేప పూసింది’ అని రాసుకుంటే చాలదు. 2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది, 2026లో మార్చి 19న. మూడు వారాల తేడా పండుగదా, వేపదా తర్వాత ఎవరూ చెప్పలేరు. పక్కపక్కనున్న రెండు వేపలైనా ఒకేరోజు పూయకపోవచ్చు కనుక, చూసే చెట్టు మార్చకూడదు.

సీజన్‌వాచ్ అనే పౌర విజ్ఞాన కార్యక్రమంలో ఎవరైనా ఒక చెట్టును ఎంచుకుని, దాని ఆకు, పూత, కాయ వివరాలు వారం వారం నమోదు చేయవచ్చు. కేరళలో బడిపిల్లలు పెద్దసంఖ్యలో ఈ పని చేస్తున్నారు. మీ ఊరి రావినో, రేలనో మీరూ చేర్చండి.