రుచి చెడిన బర్బన్

బర్బన్ విస్కీ త్రాగు అలవాటున్న అమెరికనులను, మీరు ఇంతవరకు రుచి చూచినవానిలో అన్నిటికంటె చెడ్డది ఎట్లుండెనని అడిగినచో, సమాధానములు చిత్రముగా నుండును. ఒకరు గోళ్ళరంగు వాసన వచ్చినదందురు. ఒకరు ఉడికి కుళ్ళిన క్యాబేజీ అందురు. అప్పుడే చెక్కిన పెన్సిలు పొట్టు నమలినట్లున్నదని మరియొకరు, తడిసి బూజుపట్టిన అట్టపెట్టె వలె నున్నదని ఇంకొకరు. వినుటకు ఇవి తిట్లే. కాని రసాయనశాస్త్రము చదివినవారికి ఇందులో ప్రతి తిట్టును ఒక పదార్థము యొక్క పేరే. గోళ్ళరంగు అనగా ఇథైల్ ఎసిటేటు. కుళ్ళిన క్యాబేజీ అనగా గంధకము గల కర్బన సమ్మేళనములు. పెన్సిలు పొట్టు అనగా సరిగా ఆరని ఓక్ కలపనుండి దిగిన నొనినాల్ మొదలగునవి. బూజుపట్టిన అట్ట అనగా సీసా బిరడానుండి చేరిన ట్రైక్లోరోఎనిసోల్. ఇది లీటరుకు గ్రాములో వందకోట్లవ వంతులు కొన్ని చేరినను మనుష్యుని ముక్కు పసిగట్టగలదు.

త్రాగుడు మంచిదని చెప్పుట ఈ వ్యాసము పని కాదు. చెడ్డ సరుకు ఎందుకు చెడ్డదైనదో పరిశీలించినచో మంచి సరుకు ఎట్లు తయారగునో బోధపడును. అంతకంటె ముఖ్యముగా, నాలుకకు చెడ్డదైన దానికిని ఒంటికి చెడ్డదైన దానికిని గల భేదము తెలియును. ఈ రెండును ఒకటే అని నమ్మి ప్రాణములు పోగొట్టుకొన్నవారు అనేకులు కలరు.

బర్బన్ అమెరికా సంయుక్త రాష్ట్రములకు చెందిన విస్కీ. ముఖ్యముగా కెంటకీ రాష్ట్రమున తయారగును. దీనిని తమ దేశపు ప్రత్యేక వస్తువుగా అమెరికా కాంగ్రెసు 1964లో తీర్మానించినది. చట్టము ప్రకారము దీనికి వాడు ధాన్యములో కనీసము నూటికి 51 వంతులు మొక్కజొన్న ఉండవలెను. బట్టీనుండి దిగునప్పుడు ఆల్కహాలు నూటికి 80 వంతులు మించరాదు. పీపాలో పోయునప్పుడు 62.5 వంతులు మించరాదు. పీపా క్రొత్త ఓక్ కలపతో చేసి, లోపలి గోడ బొగ్గుపట్టునట్లు కాల్చినదై యుండవలెను. సీసాలో ఆల్కహాలు 40 వంతులకు తగ్గరాదు. రంగుగాని పరిమళముగాని పైనుండి కలుపరాదు. ఈ నియమములలో ఒక్కొక్కదాని వెనుక ఒక్కొక్క పాత మోసమో, పాత దోషమో దాగియున్నది.

మొక్కజొన్నలో ఉన్నది పిండిపదార్థము. ఈస్టు అను సూక్ష్మజీవి పిండిపదార్థమును తినజాలదు. దానికి చక్కెర కావలెను. అందుచేత ఉడికించిన మొక్కజొన్నలో మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని పొడిచేసి కలుపుదురు. మొలకలో పుట్టిన ఎమైలేజు అను ఎంజైము పిండిని చక్కెరగా విడగొట్టును. మన ఇండ్లలో రాగులను మొలకెత్తించి మాల్టు చేసినప్పుడు ఆ పిండికి కొంచెము తీపి వచ్చుట ఇందువలననే. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో సులభముగా చూపవచ్చును. పలుచని గంజిలో ఒక చుక్క అయొడిన్ వేసిన నీలిరంగు వచ్చును. వేరొక పరీక్షనాళికలోని గంజికి కొంచెము లాలాజలము కలిపి, ఒంటి వేడిమిలో పది నిమిషములుంచి అయొడిన్ వేసిన ఆ నీలిరంగు రాదు, లేదా బాగుగా తగ్గియుండును. లాలాజలములో కూడ ఎమైలేజు కలదు.

చక్కెరను ఈస్టు ఆల్కహాలుగను, బొగ్గుపులుసు వాయువుగను మార్చునని పాఠ్యపుస్తకములలో ఒక సమీకరణముతో తేల్చివేయుదురు. ఆ సమీకరణము తప్పు కాదు గాని, విస్కీ రుచి అంతయు సమీకరణములో లేని వస్తువులలోనే యున్నది. ఈస్టు తన శరీరము పెంచుకొనుటకు ధాన్యములోని ఎమైనో ఆమ్లములనుండి నత్రజనిని గ్రహించి, మిగిలిన కర్బన శృంఖలమును పెద్ద ఆల్కహాలుగా మార్చి బయటకు వదలును. ఐసోఎమైల్ ఆల్కహాలు, ఐసోబ్యుటైల్ ఆల్కహాలు ఇట్టివి. ఈ మార్గమును 1907లో జర్మను రసాయనికుడు ఫెలిక్స్ ఎర్లిక్ వివరించెను. వీనినన్నిటిని కలిపి ఫ్యూజెల్ నూనె అందురు. జర్మను భాషలో ఫ్యూజెల్ అనగా నాసిరకపు సారా అనియే అర్థము. తొట్టి మిక్కిలి వేడెక్కినను, ఈస్టు ఒత్తిడికి లోనైనను ఇవి హెచ్చును. కావలసిన ఈస్టుకు బదులు గాలిలోని బాక్టీరియాలు ప్రవేశించినచో పులుపు, వెగటు వాసనలు హెచ్చును. స్కాట్లండునుండి కెంటకీకి వచ్చిన జేమ్స్ క్రో అను వైద్యుడు 19వ శతాబ్దపు పూర్వార్ధములో ఈ పనికి ఉష్ణమాపకమును, హైడ్రోమీటరును తెచ్చెను. ముందు బట్టీలో మిగిలిన పుల్లని నీటిని క్రొత్త తొట్టిలో కలుపు పద్ధతిని క్రమబద్ధము చేసిన ఖ్యాతియు ఆయనదే. ఆ పులుపులో అనేక బాక్టీరియాలు ఎదుగలేవు, ఈస్టు ఎదుగును. పాత పెరుగు తోడువేసినట్లే యనిపించును గాని పని వేరు: అక్కడ తోడుతో జీవులను చేర్చుదుము, ఇక్కడ పులుపుతో జీవులను అడ్డగించుదురు.

ఇక బట్టీ. నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద, ఇథైల్ ఆల్కహాలు సుమారు 78 డిగ్రీల వద్ద మరుగును. ఎసిటాల్డిహైడు 20 డిగ్రీల వద్దనే మరుగును గనుక అది ముందుగా దిగును. ఈ తొలిభాగమును తలకట్టు వలె తీసివేయవలెను. లోభముచేత తీయనివాని సరుకులో గోళ్ళరంగు వాసన మిగులును. ఐసోఎమైల్ ఆల్కహాలు మరుగు స్థానము 131 డిగ్రీలు. అట్లయిన అది చివరగా రావలెను గదా? ఇచ్చట చాలమంది విద్యార్థులే కాదు, పుస్తకములు వ్రాయువారును పొరబడుదురు. దాని అణువులకు నీటితో పొత్తు తక్కువ. నీరు ఎక్కువగానున్న ద్రవములో నీటి అణువులు దానిని వెలికి నెట్టును. అందుచేత తన మరుగు స్థానమునకు ఎంతో ముందే ఆవిరితో లేచిపోవును. ఆల్కహాలు ఎక్కువగానున్నచోట మాత్రము హాయిగా కరగి క్రిందనే నిలుచును. కాబట్టి ఎత్తైన స్తంభపు బట్టీలో అది పైకిని పోక, క్రిందికిని దిగక నడుమ పోగుపడును. అచ్చటనుండి దానిని తీసివేయవచ్చును. మొత్తము తీసివేసినచో వోడ్కా వంటి రుచిలేని స్పిరిటు మిగులును. 80 వంతుల హద్దు పెట్టినది కొంత మిగులవలెననియే. కొద్దిగా నున్న సువాసన, మోతాదు మించిన దుర్వాసన, పదార్థము అదే.

బట్టీలో రాగి ఎందుకు? ఈస్టు వదలిన గంధక సమ్మేళనములు వేడి రాగికి తగిలి సల్ఫైడుగా మారి అచ్చటనే అంటుకొనును. ఇంట్లో వెండి పట్టీలు నల్లబడుటయు ఇట్టి చర్యయే. ఉక్కుతో మాత్రమే చేసిన బట్టీలో ఈ శుద్ధి జరుగదు; క్యాబేజీ వాసన సీసా వరకు ప్రయాణము చేయును.

పీపా సంగతి మరింత రసవత్తరమైనది. ఓక్ కలపలోని లిగ్నిన్ వేడికి విడిపోయి వెనిలిన్ ఇచ్చును. హెమిసెల్యులోజు మాడ్చిన చక్కెర రుచి నిచ్చును. ఓక్ లాక్టోనులు కొబ్బరి వాసన నిచ్చును. కాలిన బొగ్గుపొర మిగిలిన గంధకపు వాసనలను పీల్చుకొనును. ఎండాకాలమున ద్రవము వ్యాకోచించి కలపలోనికి చొచ్చును, చలికాలమున వెనుకకు వచ్చును. ఏటేట కొంత ఆవిరియై పోవును; దీనిని అక్కడివారు దేవదూతల వాటా అందురు. వేడి గిడ్డంగులలో ఎక్కువ ఏండ్లు మరచిపోయిన పీపాలో టానిన్లు పెరిగి, పచ్చి వక్క నమలినట్లు వగరెక్కును. పాతదైనకొద్ది మంచిదనుట విస్కీ విషయమున సగము నిజము మాత్రమే.

ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో అమెరికాలో చిన్న చిన్న బట్టీలు అనేకము వెలసినవి. నాలుగేండ్లు ఆగు ఓపిక, పెట్టుబడి లేని కొందరు చిన్న పీపాలు వాడిరి. లెక్క చూడుడు. మామూలు పీపా 53 గాలనులు, అనగా సుమారు 200 లీటర్లు. చిన్న పీపా 5 గాలనులు, సుమారు 19 లీటర్లు. ఘనపరిమాణము పదిన్నర రెట్లు తగ్గినది. ఒకే ఆకారము గల వస్తువులలో లీటరుకు వచ్చు వైశాల్యము దీని ఘనమూలమును అనుసరించి పెరుగును. అది సుమారు 2.2. అనగా ప్రతి లీటరుకును రెండింతలకు మించిన కలప తగులును. రంగు త్వరగా వచ్చును, కలప రుచి త్వరగా వచ్చును. కాని ఆల్కహాలు, ఆమ్లములు మెల్లగా కలసి ఎస్టరులగుట, ఆమ్లజనితో నెమ్మదిగా జరుగు మార్పులు, ఇవి కాలమును అడుగును. కలప ఎక్కువైనంత మాత్రమున తొందరపడవు. పైకి ముసలి రంగు, లోపల పసి సారా. పెన్సిలు పొట్టు ఫిర్యాదులలో పెద్ద భాగము ఇట్టి సరుకు మీదనే.

గొంతు మండుట గురించి ఒక మాట. మిరపకాయలోని కాప్సైసిన్ ఏ గ్రాహకమును తట్టునో ఆల్కహాలును దానినే తట్టును. ఆ గ్రాహకము సాధారణముగా 42 డిగ్రీల వేడికి మేలుకొనును. ఆల్కహాలు సమక్షములో ఆ హద్దు సుమారు 34 డిగ్రీలకు దిగునని 2002లో ప్రయోగములు తెలిపినవి. అప్పుడు మన ఒంటి వేడిమియే మంటగా తోచును. ఈ గ్రాహకమును గుర్తించిన డేవిడ్ జూలియస్ 2021 నోబెల్ బహుమతిని పంచుకొనెను. కనుక మండుట చెడ్డ బర్బనుకు సొంత లక్షణము కాదు.

ఇంతవరకు చెప్పినవి నిజమైన బర్బనులోని దోషములు. 19వ శతాబ్దములో అమెరికనులు విస్కీ పేరుతో త్రాగినదానితో పోల్చిన ఇవి మచ్చలు మాత్రమే. ఆ కాలమున విస్కీ పీపాలలో అంగడికి పోవుచుండెను. నడుమ వర్తకులు రుచిలేని స్పిరిటు కొని, మాడ్చిన చక్కెరతో రంగు, ఎండు రేగుజాతి పండ్ల రసముతో తీపి, క్రియోసోటుతో పొగవాసన తెచ్చుచుండిరి. 1853లో పియరీ లకూర్ అనునతడు బట్టీ లేకయే మద్యములు చేయు విధానములపై ఒక పుస్తకమే ప్రకటించెను. సీసా కుదిపినప్పుడు బుడగలు నిలిచిన సరుకు గట్టిదని కొనువారి నమ్మకము. ఆ బుడగల కోసము గంధకామ్లముతో చేసిన నూనెను కలుపుచుండిరి. జనుల పరీక్ష ఏదో తెలిసికొని దానికే సరిపోవునట్లు మోసము చేయుట అన్ని దేశముల కల్తీదారులకును వెన్నతో పెట్టిన విద్య.

దీనికి విరుగుడుగా జార్జి గార్విన్ బ్రౌన్ 1870లో ఓల్డ్ ఫారెస్టర్ అను బర్బన్‌ను మూసిన సీసాలలో మాత్రమే అమ్మసాగెను. ఎడ్మండ్ టేలర్ మొదలగు తయారీదారుల ప్రోద్బలముతో 1897లో ఒక చట్టము వచ్చెను. దాని ప్రకారము ముద్రగల విస్కీ ఒకే బట్టీలో, ఒకే ఋతువున తయారై, ప్రభుత్వపు తాళమున్న గిడ్డంగిలో నాలుగేండ్లుండి, 50 వంతుల ఆల్కహాలుతో సీసాకెక్కవలెను. రుచికి ఈ ముద్ర హామీ కాదు. వయస్సుకును పుట్టుకకును మాత్రమే హామీ. నిజమునకు ప్రభుత్వము ఇయ్యగలిగినది అంతే. 1906లో హార్వే వైలీ కృషిఫలితముగా ఆహారౌషధ శుద్ధి చట్టము వచ్చెను. విస్కీ అనగా ఏమి అను వివాదమును 1909లో అధ్యక్షుడు టాఫ్ట్ స్వయముగా తీర్చవలసి వచ్చెను.

ఈ సందడిలోనే ఒక చక్కని శాస్త్ర పరిశోధన జరిగినది. క్రాంప్టన్, టోల్మన్ అను ఇద్దరు రసాయనికులు 31 పీపాల బర్బన్, రై విస్కీలను ఎనిమిదేండ్లు గమనించి, ఏటేట నమూనాలు తీసి విశ్లేషించి, 1908లో ఫలితములు ప్రకటించిరి. పీపాలో ఫ్యూజెల్ నూనె నశించుటచేతనే పాత విస్కీ మృదువగునని అందరును నమ్ముచుండిరి. అది నశించుట లేదని వీరు కనుగొనిరి. నీరు ఆవిరియై ఆల్కహాలు గాఢత పెరిగినంత మేరకు అదియు పెరిగినది. మృదుత్వము పోయినదానివలన రాలేదు. కలపనుండి చేరినదానివలన వచ్చినది.

1920 నుండి 1933 వరకు అమెరికాలో మద్యనిషేధము అమలులో నుండెను. పరిశ్రమలకు వాడు ఆల్కహాలు త్రాగుటకు పనికిరాకుండ అందులో మిథైల్ ఆల్కహాలు మొదలగు విషములు కలుపుచుండిరి. 1926 చివర ప్రభుత్వము ఆ మోతాదును ఇంకను హెచ్చించెను. దొంగ వ్యాపారులు ఆ స్పిరిటునే కొంతవరకు శుద్ధిచేసి, రంగు వేసి, విస్కీయని అమ్మిరి. న్యూయార్కు నగర వైద్య పరీక్షాధికారి చార్లెస్ నోరిస్, ఆయన రసాయనికుడు అలెగ్జాండర్ గెట్లర్ శవములను పరీక్షించి, ఈ మరణములను బయటపెట్టి నిరసించిరి. 1930లో అల్లపు సారమను పేర అమ్మిన ఒక మందులో ట్రైఆర్థోక్రెసైల్ ఫాస్ఫేటు కలిసి వేలమంది కాళ్ళు పడిపోయినవి. దానికి రుచిలో తేడా లేకుండుటచేతనే కల్తీదారు దానిని ఎన్నుకొనెను.

మిథైల్ ఆల్కహాలును నాలుక పసిగట్టలేదు. దాని వాసన, రుచి మామూలు ఆల్కహాలుకు మిక్కిలి దగ్గర. ధాన్యములలో పెక్టిన్ తక్కువగుటచేత మొక్కజొన్న పులిసినప్పుడు అది పుట్టునది అత్యల్పము. మన దేశమున కల్తీసారా మరణములలోను అది సాధారణముగా పరిశ్రమల స్పిరిటు కలుపుటవలన వచ్చినదే. నిప్పంటించి నీలిమంట వచ్చిన మంచిదను పరీక్షయు వ్యర్థము. రెండును నీలముగనే మండును. కాలేయములోని ఎంజైము దానిని ఫార్మాల్డిహైడుగను, పిమ్మట ఫార్మిక్ ఆమ్లముగను మార్చును. ఈ ఆమ్లము కణముల శ్వాసక్రియ నడ్డగించి మొట్టమొదట కంటినరమును దెబ్బతీయును. పది మిల్లీలీటర్లు చూపు పోగొట్టవచ్చును, ముప్పది ప్రాణము తీయవచ్చును. కీడు చేయునది మార్పు చెందిన పదార్థము గనుక, త్రాగిన తరువాత అనేక గంటలు రోగి మామూలుగనే యుండును. చూపు మంచుపట్టినట్లు మసకబారినప్పుడు గాని సంగతి తెలియదు. ఆ వ్యవధిలోనే ఆసుపత్రికి చేర్చవలెను. అక్కడ ఫోమెపిజోల్ ఇచ్చి ఆ ఎంజైమును ఆపుదురు. అది దొరకనిచోట వైద్యులు కొలత ప్రకారము ఇథైల్ ఆల్కహాలునే ఇత్తురు. ఎంజైము దానినే ముందుగా పట్టుకొనును. ఈలోగా మిథైల్ ఆల్కహాలు మారకయే ఊపిరి ద్వారా, మూత్రము ద్వారా, లేక రక్తశుద్ధి యంత్రము ద్వారా బయటకు పోవును.