జెఱ్ఱికాటు - నాడీమండలము

మిరపకోత ముగించి యింటికి వచ్చిన మనిషి రెండు చేతులును చన్నీటిలో ముంచి కూర్చుండుట మన గుంటూరు, ప్రకాశము సీమలలో వింత కాదు. గాయము లేదు, నిప్పు సోకలేదు. అయినను చేతులు కాలుచున్నట్లే యుండును. జెఱ్ఱి కఱచిన వానిని అడిగినచో, నిప్పుకణిక పెట్టినట్లున్నదనియే ఆతడును చెప్పును. ఈ రెండు మంటలును ఒకే వాకిటి గుండ మన నాడులలో ప్రవేశించునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఆ సంగతిని, దానితోడి జాగ్రత్తలను పెద్దలకు మనవి చేసెదను.

జెఱ్ఱికి శతపది యని పేరే గాని నూఱు కాళ్లు లేవు. మన పొలములలోని పెద్దజెఱ్ఱికి నడచు కాళ్లు 21 జతలు. వానికి ముందు, తల క్రింద నున్న యొక జత మాత్రము నడకను విడిచి కొక్కెములుగా మారి, లోపల విషకోశములను దాల్చినది. కావున జెఱ్ఱి నోటితో కఱచునను మాట సరికాదు, కాళ్లతో గ్రుచ్చును. వెనుకనున్న పొడుగుకాళ్లలో విషము లేదు. రోకలిబండ దీనికి దూరపు చుట్టమే గాని కఱవదు.

జెఱ్ఱి చర్మము ఒంటిలోని నీటిని నిలుపుకొనజాలదు. అందుచే పగలెల్ల నల్లరేగడి బీటలలోను, రాళ్లక్రిందను, పత్తికట్టె మోపుల అడుగునను దాగి రాత్రి వేటకు వెడలును. వాన కురిసి బీటలు నిండినప్పుడు ఇండ్లలోనికి ఎగబ్రాకుట అందువలననే. దాని విషము మనపై పగతో పుట్టినది కాదు; తనకన్న పెద్ద ప్రాణిని సయితము పట్టి తినుటకై పుట్టినది.

ఇక నాడుల మాట. నాడి తంతితీగ వంటిదని చెప్పుదురు. ఆ పోలిక కొంతవఱకే చెల్లును. నాడి పొరలో కంటికానని తలుపులు అసంఖ్యాకముగా కలవు. ఒక తెగ తలుపులు తెఱచుకొని సోడియము లోనికి వచ్చినప్పుడు వార్త బయలుదేరును. వేఱొక తెగ తెఱచుకొని పొటాసియము వెలుపలికి పోయినప్పుడు నాడి నెమ్మదించి మఱొక వార్తకు సిద్ధమగును. జెఱ్ఱి విషము పనిచేయునది ఈ తలుపులపైననే.

1997లో అమెరికా దేశమున డేవిడ్ జూలియస్ అను శాస్త్రజ్ఞుడు, మిరపలోని కారపు సారము తగులగనే తెఱచుకొను తలుపు నొకదానిని కనుగొనెను. చిత్రమేమనగా ఆ తలుపు వేడికిని తెఱచుకొనును. సుమారు 43 డిగ్రీల వేడి దానికి చాలును. కారము "మండుట" యని మన భాష ఎన్నడో చెప్పినది ఈ విధముగా ఋజువయ్యెను. 2021లో ఆయనకు నోబెల్ బహుమానము పంచియిచ్చిరి. చిలుకలు పండుమిరపను హాయిగా తినుటకు కారణమును ఇక్కడనే యున్నది: పక్షుల నాడులలోని తలుపు వేడిని గుర్తించును గాని కారమును గుర్తింపదు.

2015లో చీనా శాస్త్రజ్ఞులు తమ దేశపు ఎఱ్ఱతల జెఱ్ఱి విషమునుండి ఒక చిన్న మాంసకృత్తును వేఱుచేసి చూచిరి. అదియు ఈ తలుపునే పట్టుకొనుచున్నది. మిరపసారము లోపలివైపున పట్టుకొనగా ఇది వెలుపలివైపున పట్టుకొనును. పట్టుకొన్న పిదప తలుపు ఎంత సున్నితమగుననగా, మన ఒంటి సహజమైన వెచ్చదనమునకే తెఱచుకొనును. చర్మము కాలలేదు, కాలినదని నాడి మెదడునకు వార్త పంపుచున్నది. మన జెఱ్ఱియు ఆ జెఱ్ఱి కుటుంబములోనిదే.

ఆ చీనా జెఱ్ఱి విషములోనే మఱియొక పదార్థము కలదని 2018లో ప్రకటించిరి. ఇది పొటాసియము తలుపులను మూసివేయును. నెమ్మదింపవలసిన నాడి నెమ్మదింపదు. గుండె, ఊపిరి, కండరములు ఒక్కుమ్మడి తబ్బిబ్బగును. మూడు గ్రాముల జెఱ్ఱి నలువదియైదు గ్రాముల ఎలుకను అరనిమిషములో పడవేయుట ఇందువలననే. మనుష్యుని దేహము పెద్దది, ఎక్కిన విషము స్వల్పము. కావున మనకు మంట, వాపు, ఎఱుపు కలిగి, సాధారణముగా ఒకటి రెండు దినములలో తగ్గిపోవును. మరణము మిక్కిలి అరుదు.

కఱచినచోట సబ్బుతో కడుగవలెను. చేయి ఓర్వగలిగిన వేడినీటిలో ఉంచినను, గుడ్డలో చుట్టిన మంచుగడ్డ పెట్టినను నొప్పి తగ్గునని తైవాను వైద్యులు 2009లో పోల్చిచూచి తెలిపిరి. వేడిమంటకు వేడినీరేమని అడుగవచ్చును. అనుభవము మాత్రము అట్లున్నది. గాయమును కోయుట, త్రాటితో బిగించుట కూడదు. ఆయాసము, ఒళ్లంతయు దద్దుర్లు, స్పృహ తప్పుట కనబడినచో వెంటనే వైద్యశాలకు పోవలెను. పసిపిల్లలను ఏ సందర్భమునందైనను చూపించుట మేలు.

అసలు ప్రమాదము వేఱొకచోట నున్నది. రాత్రి నేలపై పండుకొన్నవాడు లేచి "ఏదో పురుగు కుట్టినది, జెఱ్ఱియై యుండును" అనును. మంట లేదు, వాపు లేదు, గాటును సరిగా కానరాదు. ఇంటివారు ఊరట చెంది మరల పండుకొందురు. జెఱ్ఱి కఱచినచో మంట లేకుండుట కానిపని. మంటలేని కాటును జెఱ్ఱికి అంటగట్టరాదు. అది కట్లపాము కావచ్చును. దాని విషము నొప్పితలుపుల జోలికి పోదు. నాడికొన కండరమునకు ఆజ్ఞ నందించు చోటును చడిచప్పుడు లేక చెఱచును. కొన్ని గంటలకు కడుపునొప్పి పుట్టవచ్చును. ఱెప్పలు వాలును, మాట ముద్దగును, మ్రింగుడు పడదు, తుదకు ఊపిరాడదు.

అట్టి రాత్రి తెల్లవాఱువఱకు వేచియుండరాదు. ఱెప్పలు వాలకమునుపే 108కి ఫోను చేయించి, పాముకాటు మందు గల ప్రభుత్వ వైద్యశాలకు చేర్చవలెను. కఱచినది ఏదియో వెదకుటకు దీపము పట్టుకొని ప్రొద్దుపుచ్చ నక్కఱలేదు. నొప్పి లేదను మాటను వైద్యునకు చెప్పిన చాలును.