పసిబిడ్డకూ ఉండాలి మధ్యాహ్న విరామం

నేను దుబాయ్‌లో కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌ని. సివిల్ డిప్లొమా చేసి జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చాను. ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని బంద్. 2005లో మొదలైన నిబంధన ఇది. ఆ టైంలో ఎవరైనా హెల్పర్ ఎండలో కనబడితే కేకేసి నీడలోకి పంపిస్తాను. అలాంటి నేను, 18 రోజుల కొడుకుని జూలై ఎండలో మిట్టమధ్యాహ్నం రోడ్డు మీదికి తీసుకెళ్లాను.

కారణం పాస్‌పోర్ట్ ఫొటో. ఆ రోజు హాఫ్ డే దొరికింది, పని అయిపోతుంది కదా అనుకున్నాను. మేముండేది షార్జాలో. బాబును స్ట్రోలర్‌లో పడుకోబెట్టి, ఎండ తగలకుండా మా ఆవిడ చున్నీ పైనుంచి కప్పాం. టాక్సీ కోసం ఇరవై నిమిషాలు నిలబడ్డాం. చున్నీ తీసి చూస్తే బాబు ముఖం కందిపోయి ఉంది, ఒళ్లు వేడిగా ఉంది. పాలు పట్టబోతే నోరు తెరవలేదు. పక్కనే ఉన్న బకాలాలోకి పరుగెత్తాం. మలయాళీ షాపతను ఏసీ కింద కుర్చీ వేశాడు. బట్టలు వదులు చేశాం. అక్కడినుంచి క్లినిక్‌కు వెళ్లాం. సాయంత్రానికి బాబు మామూలుగా అయ్యాడు, దేవుడి దయ.

డాక్టరమ్మ తిట్టలేదు. "మీరు నీడ ఇచ్చామనుకున్నారు, కానీ గాలి ఆపేశారు" అంది అంతే. స్ట్రోలర్‌కు బట్ట కప్పితే లోపల వేడి బయటికి పోదు. పసిబిడ్డ ఒళ్లు పెద్దవాళ్ల కంటే త్వరగా వేడెక్కుతుంది, చెమట పట్టి చల్లబడే శక్తి తక్కువ. సైట్‌లో మనిషికి కళ్లు తిరిగితే చెబుతాడు, నీళ్లు అడుగుతాడు. నెలలోపు బిడ్డ ఏం చెబుతాడు? ఆ మాట మనసులో పడ్డాక తెలుసుకున్నవే ఇక్కడ రాస్తున్నాను. మనవాళ్లలో ఒక్కరికైనా పనికొస్తే చాలు.

ఆస్పత్రి నుంచి ఇంటికి

బిడ్డ మొదటిసారి బయటికొచ్చేది ఫొటోకో గుడికో కాదు, ఆస్పత్రి నుంచి ఇంటికి. మన ఊళ్లో తల్లి ఒళ్లో పెట్టుకుని వస్తాం. నేనూ అదే అనుకుని దోస్తు కారు పిలిపించాను. "బేబీ సీట్ ఏది?" అని నర్సు అడిగితే నోట మాట రాలేదు. దోస్తు వెళ్లి కొనుక్కొచ్చేదాకా కూర్చున్నాం.

యూఏఈలో 2017 నుంచి నాలుగేళ్లలోపు పిల్లలకు కారులో చైల్డ్ సీటు తప్పనిసరి. లేకపోతే 400 దిర్హమ్‌ల జరిమానా. పదేళ్లు నిండని, 145 సెంటీమీటర్ల ఎత్తు లేని పిల్లలను ముందు సీట్లో కూర్చోబెట్టకూడదు. జరిమానా సంగతి అటుంచండి. పైఅంతస్తులో పనిచేసేవాణ్ని సేఫ్టీ బెల్టు లేకుండా ఎక్కనిస్తామా? "నేను చేత్తో పట్టుకుంటాలే" అంటే ఒప్పుకుంటామా? కారు గుద్దుకున్న క్షణంలో మూడు కిలోల బిడ్డ బరువు ఎన్నో రెట్లవుతుంది. ఎంత బలమున్న చేయైనా ఆగదు.

పసిబిడ్డ సీటు వెనక సీట్లో, బిడ్డ ముఖం కారు వెనకవైపు ఉండేలా బిగించాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు. బెల్టు కింద మందపాటి దుప్పటి చుట్టకూడదు. చల్లగా ఉంటే బెల్టు పెట్టాక పైన కప్పండి. ఎవరో వాడిన సీటు తీసుకుంటే అది యాక్సిడెంట్‌లో పడిందేమో అడగండి. టాక్సీలో వెళ్లినా సీటు వెంట ఉంటే మేలు. ఇల్లు చేరాక బిడ్డను సీట్లోనే నిద్రపోనివ్వకుండా చదునైన పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టాలి.

ఒక్క నిమిషంలో వస్తానని బిడ్డను ఆగిన కారులో వదలకండి. తలుపులు మూసిన కారులో పది నిమిషాలకే వేడి పది డిగ్రీల దాకా పెరుగుతుంది. 2016 నాటి బాలల హక్కుల చట్టం ప్రకారం పిల్లలను పట్టించుకోకపోవడం నేరం కూడా.

ఏ వేళకు, ఎక్కడికి

ఎండాకాలంలో తెల్లవారుజామున గానీ, పొద్దుగూకాక గానీ కాసేపు తిప్పండి. రాత్రి కూడా ఉక్కపోత ఎక్కువైతే ఇంట్లోనే నయం. దుమ్ము గాలి లేచిన రోజు తలుపులు మూసి ఉంచండి. నవంబర్ నుంచి మార్చి దాకా సాయంత్రం పార్కులు హాయిగా ఉంటాయి. ఆరు నెలలలోపు సన్‌స్క్రీన్ రాయడం కంటే నీడే మంచి మందు. గొడుగు పట్టండి, గాలి ఆడనివ్వండి.

ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప వేరే నీళ్లు వద్దు. ఎండాకాలం కదా అని చెంచాతో పట్టొద్దు, పాలే ఎక్కువసార్లు ఇవ్వాలి. ఏడాది లోపు తేనె నాకించకూడదు. మాల్‌లో ఏసీ చలికి పలుచటి దుప్పటి తీసుకెళ్లండి, బయటికి రాగానే తీసేయండి.

జనంలోకి తొందర వద్దు

ఇక్కడ పుట్టినప్పుడు బీసీజీ, హెపటైటిస్ బి టీకాలు వేస్తారు. రెండు నెలలకు కోరింత దగ్గు వగైరాల టీకా మొదలవుతుంది. కనీసం అది పడేదాకా వీకెండ్ మాల్, పెళ్లి విందు, గుడిలో పండుగ రద్దీ మానుకోవడం మంచిది. బారసాలకు నలుగురిని పిలిచినా దగ్గు, జలుబు ఉన్నవాళ్లు బిడ్డ దగ్గరికి రాకుండా చూడండి. ఎత్తుకునేవాళ్లు చేతులు కడుక్కోవాలి, ముద్దులు వద్దు. ఏమనుకుంటారో అని మొహమాటపడితే కష్టపడేది బిడ్డే.

మూడు నెలలలోపు బిడ్డకు 38 డిగ్రీల జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి పోవాలి. పాలు తాగకపోయినా, మత్తుగా పడి ఉన్నా అంతే. అంబులెన్స్ నంబర్ 998.

కాగితాల పరుగు

బిడ్డ పుట్టిన 120 రోజుల్లోగా వీసా పని పూర్తి కావాలి, లేదంటే జరిమానా పడుతుంది. అంతకంటే ముందు బర్త్ సర్టిఫికెట్, ఇండియా పాస్‌పోర్ట్ కావాలి. నాలాగ హడావిడి పడకుండా మొదటి వారమే లిస్టు రాసుకోండి. బిడ్డను తీసుకురావాల్సిందేనా అని ముందే అడిగి, తండ్రి ఒక్కడే చేసుకోగల పనులు తండ్రే తిరిగి చేసుకోవాలి. ప్రైవేటు ఉద్యోగికి చట్టం ఇచ్చే అయిదు రోజుల పేరెంటల్ లీవ్‌ను బిడ్డ పుట్టిన ఆరు నెలల్లోగా వాడుకోవచ్చు. చాలామంది అడగనే అడగరు.

బిడ్డ ఊళ్లో ఉంటే

మనలో ఎక్కువమందికి ఫ్యామిలీ వీసా లేదు. బిడ్డను మొదటిసారి చూసేది లీవు మీద వెళ్లినప్పుడే. శంషాబాద్‌లో దిగేసరికి జీపు కట్టుకుని ఇంటిల్లిపాదీ వస్తారు, నెలల బిడ్డతో సహా. మా జగిత్యాల నుంచి అయితే రానూ పోనూ రోజంతా ప్రయాణమే. చూడాలని ప్రాణం కొట్టుకుంటుంది, నిజమే. అయినా ఫోన్‌లోనే చెప్పండి, "బిడ్డను ఇంట్లోనే ఉంచండి, నేనే వస్తున్నా" అని. ఇంటికి చేరాక స్నానం చేసి, బట్టలు మార్చుకుని ఎత్తుకోండి. జలుబు ఉంటే మాస్క్ పెట్టుకోండి. వేములవాడ, కొండగట్టు మొక్కులున్నా తొందరేం లేదు. ఊళ్లో ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే టీకాలు పడ్డాక వెళ్లొచ్చు. టీకా కార్డు వెంట ఉంచండి.

రోజూ పొద్దున సైట్‌లో పని మొదలయ్యే ముందు మావాళ్లకు టూల్‌బాక్స్ టాక్ చెబుతాను. ఎండలో తల తిరిగితే ఎవరికి చెప్పాలి, నీళ్లు ఎక్కడున్నాయి అని. ఆ రోజు నుంచి ఇంట్లోనూ మొదలుపెట్టాను. బాబుతో బయటికి వెళ్లేముందు మా ఆవిడ, నేను గడియారం చూస్తాం, సీటు బెల్టు చూస్తాం, స్ట్రోలర్ మీద బట్ట లేదని చూస్తాం. రెండు నిమిషాల పని. ఇక పాస్‌పోర్ట్ ఫొటో సంగతా? మూడు రోజుల తర్వాత పొద్దున్నే స్టూడియో తెరవగానే వెళ్లి తీయించాం. బాబు కళ్లు పెద్దవి చేసి కెమెరా వైపే చూశాడు.