నమ్మినదాని భారము

ధర్మమేదియో ఎరుగనివారు లోకమున అరుదు. అసత్యమాడరాదనియు, దుర్బలుని పీడింపరాదనియు పసిబిడ్డడైనను చెప్పగలడు. అయితే అట్లు తెలిసిన ధర్మము ఒకనాడు మన గడప దాటివచ్చి, మన సుఖములో, మన బంధుత్వములలో, మన నిత్యకృత్యములలో తన వంతు అడిగినప్పుడు, దానికి ఆ వంతు నీయగలమా లేదా యన్నదియే మనుష్యుని నీతికి గీటురాయి.

ఇందుకు మన చరిత్రలోనే ఒక నిదర్శనము కలదు. వితంతువుల పునర్వివాహమునకు చట్టసమ్మతి 1856లోనే లభించెను. శాసనము అనుమతి నొసగగలదేగాని ధైర్యము నొసగజాలదు. అది వెలువడిన పాతికేండ్లకు, 1881 డిసెంబరు 11వ తేదీన, రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులు గౌరమ్మయను బాలవితంతువునకు శ్రీరాములను యువకునితో వివాహము జరిపించెను. ఆత్మూరి లక్ష్మీనరసింహము వంటి మిత్రులు ఆయనకు అండగా నిలిచిరి. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య ధనసాహాయ్యము చేసెను. చరిత్ర ఈ పేర్లను గౌరవముతో స్మరించుచున్నది, స్మరింపవలసినదే.

కాని ఆ దినములలో వెలికి జంకి పంతులుగారి యింటికి వంటవారు రామనిరి. నీరు తెచ్చువారు మానుకొనిరి. అప్పుడు పంతులుగారి ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మ తానే గోదావరికి పోయి నీరు మోసి తెచ్చెను. తానే వండి పెట్టెను. భర్తకు పత్రిక కలదు, సభ కలదు, వాదించుటకు శాస్త్రము కలదు. ఆ కాలపు గృహిణికి పేరంటములు, పండుగలు, పుట్టినింటి రాకపోకలు తప్ప వేరు లోకమెక్కడిది? వెలి యన్న ఒక్క మాట ఆ లోకమునంతటిని తెంచివేయును. వెలి భారము ఇరువురిపైనను పడినను, దాని నిత్యవేదన ఎక్కువగా అనుభవించినది ఆమెయే యనిన అతిశయోక్తి కాదు.

ఇది పతిమాటకు లోబడుట మాత్రమే గదా యని కొందరు శంకింపవచ్చును. విధేయత ఒక్క పెండ్లినాటి శ్రమకు చాలవచ్చును గాని, దిక్కులేని వితంతువులను చేరదీసి, వారి కన్నీరు తుడిచి, 1910లో తాను కన్నుమూయువరకు కన్నబిడ్డలవలె వారిని ఆదరించుటకు చాలదు. అన్నేండ్ల ఆదరమునకు మూలము ఆమె స్వంత హృదయముననే యుండవలెను.

నేడును కులాంతర వివాహమును వేదికపై శ్లాఘించి, స్వగృహమున ఆ ప్రస్తావన రాగానే బంధువులేమందురోయని వెనుకాడువారు మనలో ఎందరో కలరు. వారికి ధర్మము తెలియదనలేము. దాని వెల చెల్లించుటకు వారు సిద్ధముగా లేరు. మరికొందరు ఆదర్శమును తాము ప్రకటించి, దాని కష్టమును భార్యపైనను బిడ్డలపైనను మోపి, కీర్తిని మాత్రము తాముంచుకొందురు. ఇది మరింత సూక్ష్మమైన అన్యాయము.

కావున మనుష్యుని నీతిని కొలువదలచినవారు అతడేమి నమ్మెనని విచారించి అంతటితో ఆగరాదు. ఆ నమ్మకమునకై అతడేమి కోల్పోయెనో, ఆ నష్టమును తనకంటె బలహీనులపై వేసెనో, తానే భరించెనో విచారింపవలెను. తాను నమ్మినదాని భారమును తానే మోసి, ఇతరుల భారమును కొంత తగ్గించినవాడే నీతిమంతుడు.