మీకు తెలుసా? నేల మీద గీసిన పైపు

ఇంగ్లండులోని ఫ్లిక్స్‌బరోలో నైలాన్ ముడిసరుకు తయారుచేసే నైప్రో ఫ్యాక్టరీ 1974 జూన్ 1న పేలిపోయింది. 28 మంది చనిపోయారు. కంట్రోల్ రూమ్‌లో ఉన్న 18 మందిలో ఒక్కరూ బతకలేదు. శనివారం కావడంతో ఆఫీసు సిబ్బంది ఇళ్ల దగ్గరున్నారు. లేకుంటే ఇంకెంతమంది పోయేవారో!

కారణం ఒక పైపు. వరసగా ఉన్న ఆరు రియాక్టర్లలో అయిదోదానికి ఆ మార్చిలో పగులు కనబడింది. దాన్ని పక్కకు తీసేసి, నాలుగోదాన్నీ ఆరోదాన్నీ 20 అంగుళాల పైపుతో కలిపేశారు. రియాక్టర్ల నోళ్లేమో 28 అంగుళాలవి. పైగా ఒకదానికంటే ఒకటి దిగువన ఉంటాయి గనక పైపును మెలిక తిప్పాల్సివచ్చింది. ఇంతా చేసి దాని డ్రాయింగ్ ఏదయ్యా అంటే, వర్క్‌షాప్ నేల మీద సుద్దముక్కతో గీసిన బొమ్మ! లోపలి ఒత్తిడికి ఆ మెలిక ఏమవుతుందో లెక్క కట్టినవాళ్లు లేరు. అది చూడాల్సిన వర్క్స్ ఇంజినీరు కుర్చీ ఖాళీ. అయినా పైపు రెండు నెలలు చక్కగా పనిచేసింది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

ఇంతటి ప్రమాదం చాలామంది సేఫ్టీ ఆఫీసర్లకు సర్వీసు మొత్తంలో ఎదురుకాదు. మరి అనుభవం ఎక్కడినుంచి వస్తుంది? ఐసీఐ కంపెనీ సేఫ్టీ సలహాదారు ట్రెవర్ క్లెట్జ్ దీనికో ఉపాయం పట్టారు. తమ ప్లాంట్లలో, ఇతరుల ప్లాంట్లలో జరిగిన ప్రమాదాలను కథల్లా రాసి, న్యూస్‌లెటర్‌గా నెలనెలా పంచేవారు. సంస్థలకు జ్ఞాపకముండదు, ఉండేది మనుషులకే, వాళ్లు రిటైరయితే అదీ పోతుందన్నది ఆయన వాదన.

విశాఖ రిఫైనరీలో, పరవాడ ఫార్మా యూనిట్లలో చిన్న మార్పుకైనా సంతకాలడిగే 'ఎంఓసీ' (మేనేజ్‌మెంట్ ఆఫ్ చేంజ్) ఫారం ఉంటుంది కదా, విసుక్కుంటూ నింపేది! అలాంటి పద్ధతి గట్టిపడటానికి ఫ్లిక్స్‌బరో పైపు ఒక పెద్ద కారణం.

క్లెట్జ్ మాత్రం పైపు దగ్గర ఆగలేదు. ఆ పైపు తెగి లీకై పేలిన సైక్లోహెక్సేన్ అసలంత అక్కడెందుకుండాలి అని అడిగారు. ఒక్కో విడతకు అందులో నూటికి ఆరు పాళ్లే సరుకుగా మారేది. మిగతాదంతా కాగుతూ మళ్లీ మళ్లీ తిరగాల్సిందే. లేనిది లీకవదు గదా అన్నది ఆయన తర్కం. ఫారాన్ని పరిశ్రమ చప్పున అందుకుంది. ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ప్లాంటునే కొత్తగా గీయాలి, అందుకే కాబోలు, అది అంత తేలిగ్గా అంటుకోలేదు.