మిషనరీల కొత్త కాపురాలు

1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ విశాఖపట్నం చేరారు. 1842లో గుంటూరుకు వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్‌కు కలెక్టర్ హెన్రీ స్టోక్స్ ఆదరణ దొరికింది. పరాయి ఊళ్లో కాపురం పెట్టాలంటే అలాంటి అండే సగం బలం.

ఆ తర్వాత పోరాటమంతా ఎండతో, చెదలతో. మందపు గోడలు, ఎత్తైన కప్పు, చుట్టూ వరండా ఉన్న బంగళా కావాలి. వేసవిలో గుమ్మాలకు వట్టివేళ్ల తడికెలు కట్టి, మాటిమాటికీ నీళ్లు చల్లేవారు. అలమర కాళ్లు నీళ్ల గిన్నెల్లో పెడితేనే చీమలు పైకెక్కేవి కావు. పుస్తకాలకు మాత్రం చెదల బెడద తప్పేది కాదు. వంటవాడు, నీళ్లు మోసే మనిషి, తెలుగు చెప్పే పండితుడు లేనిదే ఇల్లు నడిచేది కాదు. దొరసాని బజారు బేరాలు వంటవాడి నోటి మీదుగానే సాగేవి. నిజానికి ఇంటిని నిలబెట్టింది ఈ పనివాళ్లే, చరిత్రలో వాళ్ల పేర్లు అరుదు.

జ్వరాలకు మాత్రం విరుగుడు అంత తేలిగ్గా దొరకలేదు. క్రాన్ 1809లో, డి గ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. అలాంటి జబ్బుల నుంచి తప్పించుకోవడానికే తమిళనాట మదురై అమెరికన్ మిషనరీలు కొండెక్కి, 1845లో కొడైకెనాల్‌లో తొలి బంగళాలు కట్టుకున్నారు.